సున్నాలు నిండిన పుస్తకం

పసుపు గీత అరవై మూడు శాతం దగ్గర ఆగిపోయింది.

నేను కుర్చీలో మోకాళ్ళ మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాను. నీలం తెర మీద తెల్ల అక్షరాలు, వాటి కింద ఆ గీత. కంప్యూటర్ పెట్టెలోంచి కరకరమని చప్పుడు వస్తోంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అన్నం తినడం కూడా మర్చిపోయాను.

"కదలవే తల్లీ! నీకు పుణ్యముంటుంది, కదులు," అని బతిమాలాను.

కదిలింది. అరవై నాలుగు.

హమ్మయ్య అనుకున్నాను. అంతా అయ్యాక ఇంట్లో వాళ్ళ ముఖాలు ఎలా వెలిగిపోతాయో ఊహించుకుంటూ కాళ్ళు కిందికి జార్చి ఊపుకున్నాను. నా అంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరని ఆ రోజు నాకు గట్టి నమ్మకం. అప్పుడు నాకు పదేళ్ళు.

అది 2002వ సంవత్సరం. మాలీ అనే మా మెట్ట ప్రాంతంలో వానలు ముఖం చాటేసిన ఏడాది. మా పొలంలో గోధుమ జానెడు ఎత్తుకే ఎండిపోయింది. గాలి వీస్తే ఎర్ర దుమ్ము లేచి కిటికీ సందుల్లోంచి పక్కల మీదికి వచ్చేది. గడ్డి లేక గొర్రెలకు రోజూ దాణా వెయ్యాల్సి వచ్చేది. అమ్మ ఆ పని మీదే దూరపు పొలానికి వెళ్ళింది. నాన్న, తాతయ్య వేలంపాటకు వెళ్ళారు. అవతలి ఊళ్ళో ఒకాయన ఇక లాభం లేదని పొలం వదిలేసి వెళ్ళిపోతున్నాడు. ఆయన ట్రాక్టరూ నాగళ్ళూ ఆ రోజే అమ్ముతున్నారు.

అప్పటి కంప్యూటర్‌ను చూస్తే మీరు నవ్వుతారు. తెర వెనకాల ఇంత పెద్ద మూపురం. కొన్నప్పుడు మీగడ రంగు, మా ఇంటికొచ్చాక పసుపు తిరిగింది. ఇంటర్నెట్ పెడితే ఫోన్ పనిచేయదు, ఫోన్ కావాలంటే ఇంటర్నెట్ తీసేయాలి. అయినా దానికి మా ఇంట్లో మంచి మర్యాద ఉండేది. మా నానమ్మ డల్సీ దానికోసం ఊలుతో ఒక ముసుగు అల్లింది. నానమ్మ అరవై ఎనిమిదో ఏట టౌన్ లైబ్రరీలో క్లాసుకు వెళ్ళి కంప్యూటర్ నేర్చుకుంది. ఆవిడ పోయి రెండేళ్ళయినా ఆ ముసుగు అలాగే ఉంది. రోజూ పొద్దున తాతయ్యే దాన్ని తీసి, మడతపెట్టి, పని అయ్యాక మళ్ళీ కప్పేవాడు.

గోధుమల అమ్మకం కాగితాలు ఇకనుంచి కంప్యూటర్‌లో నింపాలని, దానికి పాత ఆపరేటింగ్ సిస్టమ్ పనికిరాదని నాన్నకు ఉత్తరం వచ్చింది. అమ్మ టౌన్‌కు వెళ్ళి కొత్తది కొనుక్కొచ్చింది. మెరిసే డిస్కు, పెద్ద అట్టపెట్టె.

"ఆదివారం గ్రేమ్ బాబాయ్ వచ్చి పెడతాడు. అందాకా దాని జోలికి వెళ్ళకు," అంది అమ్మ.

వెళ్ళకు అంటే ఆగే రకమా నేను? స్కూల్లో ప్రింటర్ మొరాయిస్తే టీచర్ నన్నే పిలిచేది. పైగా బ్రాడీ అని ఏడో తరగతి అబ్బాయి ఒక రహస్యం చెప్పాడు. "పాతదాని మీదే కొత్తది పెడితే నత్తలా నడుస్తుంది. మొత్తం తుడిచేసి పెడితే గుర్రమే!" అన్నాడు.

గుర్రం అనేసరికి నేను పడిపోయాను. గుర్రాలంటే నాకు అంత పిచ్చి.

తుడిచే ముందు కావలసినవన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించాలని నాకు తెలుసు. ఫ్లాపీ అంటే అరచేతిలో పట్టే పలుచని నల్ల బిళ్ళ. ఒక పాట కూడా పట్టదు దాంట్లో. ఇంట్లో మంచివి ఆరే దొరికాయి. అమ్మ ఉత్తరాలకు ఒకటి. నాన్న గోధుమల లెక్కలకు రెండు. గొర్రెల లెక్కలకు ఒకటి. నా హోంవర్కుకు ఒకటి. ఇక ఒక్కటే మిగిలింది.

ఎక్కించాల్సినవి మాత్రం రెండు ఉన్నాయి. ఒకటి నేను కంప్యూటర్‌లో గీసుకున్న గుర్రాల బొమ్మలు, పదకొండు. రెండోది 'డల్సీ' అని నానమ్మ పేరుతో ఉన్న ఫైల్. ఒక్కోటీ ఒక ఫ్లాపీకి సరిపోయేంత ఉంది.

ఏముందో చూద్దామని 'డల్సీ' తెరిచాను. తెర నిండా గళ్ళు. ప్రతి గడిలో సున్నా. కిందికి జరిపాను, సున్నా. కొంచెం పైకి జరిపాను, సున్నా, సున్నా, సున్నా. ఇంకా పైకి పోయే ఓపిక లేకపోయింది. నానమ్మ టైపింగ్ నేర్చుకునేటప్పుడు ఊరికే కొట్టుకుని ఉంటుంది అనుకున్నాను. నవ్వు కూడా వచ్చింది.

ఆరో ఫ్లాపీలోకి గుర్రాలు ఎక్కాయి.

డిస్కు పెట్టాను. మొత్తం తుడిచేయమంటారా అని కంప్యూటర్ అడిగింది. తుడిచెయ్ అన్నాను. నిజంగానేనా, ఆలోచించుకున్నారా అని ఇంకోసారి అడిగింది. పాపం దానికున్న బుద్ధి కూడా నాకు లేకపోయింది. టక్కున నొక్కేశాను.

మూడు గంటలకల్లా అంతా అయిపోయింది. చిన్న సంగీతం వినిపించింది. తెర మీద నీలాకాశం, దాని కింద పచ్చటి గుట్ట. అంత పచ్చదనం నేను మా ఊళ్ళో చూసి ఎన్నాళ్ళయిందో!

సాయంత్రం అందరూ వచ్చాక చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. అమ్మకు ముందు కోపం వచ్చింది.

"దాన్ని ముట్టుకోవద్దన్నానా లేదా?"

"చూడమ్మా, నీ ఉత్తరాలన్నీ ఉన్నాయి. నాన్న లెక్కలు కూడా ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు!"

అమ్మ ఒక్కొక్కటే తెరిచి చూసింది. కోపం కాస్తా నవ్వయింది. నాన్న టోపీ తీసి తల గోక్కుంటూ ఆ పచ్చటి గుట్టను చాలాసేపు చూశాడు.

"ఎవరి పొలమో గానీ, మంచి వాన పడింది వాడికి," అన్నాడు.

అందరం పగలబడి నవ్వాం. తాతయ్య నా జుట్టు చెరిపి, "మా అమ్మలు డల్సీ పోలికే," అన్నాడు. నాన్న గ్రేమ్ బాబాయ్‌కి ఫోన్ చేసి, రావాల్సిన పని లేదురా, మా ఇంట్లోనే ఒక ఇంజనీరు ఉంది అని చెప్పాడు. ఆ రాత్రి నేను నేల మీద నడవలేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున ఏడున్నరకు నేను వంటింట్లో టోస్టు తింటున్నాను. కోళ్ళ దొడ్డి పక్కన గుంజకు కట్టిన రెయిన్ గేజి దగ్గరికి తాతయ్య వెళ్ళడం కిటికీలోంచి కనిపించింది. గేజి అంటే ఏం లేదు, గీతలున్న గాజు గొట్టం. పడిన వాన అందులో నిలబడుతుంది. మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉండేది. తాతయ్య వంగి చూశాడు. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, మెల్లగా లేచాడు. వెనక్కి వచ్చి, బూట్లు విప్పి, కంప్యూటర్ మీది ముసుగు తీసి మడతపెట్టాడు.

కాసేపటికి పిలిచాడు.

"అమ్మలూ, నా పుస్తకం ఎక్కడ పెట్టావే?"

"ఏ పుస్తకం తాతయ్యా?"

"అదే, మీ నానమ్మ రాసిన వానల పుస్తకం. డల్సీ అని ఉంటుంది చూడు. ఇవాళ్టిది కొట్టాలి."

నా నోట్లో టోస్టు అలాగే ఉండిపోయింది.

"వానల పుస్తకమా? వాన పడలేదుగా తాతయ్యా! ఏం కొడతావు?"

"సున్నా," అన్నాడు తాతయ్య, అదేం ప్రశ్న అన్నట్టు.

చేతిలో టోస్టు పళ్ళెంలో పడేసి తాతయ్య దగ్గరికి వెళ్ళాను.

తాతయ్య వాన లెక్కలు చూస్తాడని నాకు తెలుసు. కానీ వాన పడితేనే కదా రాయడానికి ఉండేది అనుకున్నాను. పడని రోజు కూడా రాస్తారని నాకు తట్టనే లేదు. ఆ ఏడాది మాకు పడినవి ఎక్కువగా సున్నాలే మరి.

"వెతుకుతాను తాతయ్యా. కొత్తది కదా, ఎక్కడో ఉంటుంది," అన్నాను.

అది అబద్ధం. అబద్ధమని తెలిసే చెప్పాను. తాతయ్య నమ్మి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను ఉన్నవీ లేనివీ అన్నీ తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. తాతయ్య తొందరపెట్టలేదు. మధ్యలో లేచి వెళ్ళి నాకోసం పాలు వేడి చేసి తెచ్చాడు. ఆ పాల గ్లాసు చూడగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"లేదు తాతయ్యా. నేనే చెరిపేశాను. అన్నీ సున్నాలే ఉన్నాయని, పనికిరాదని..."

తాతయ్య తెర మీద పచ్చటి గుట్ట కేసి చూశాడు. లేచి, ముసుగు మడత విప్పి, కంప్యూటర్ మీద జాగ్రత్తగా కప్పాడు. బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. మా కుక్క స్మోకీ వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పడుకుంది.

తిట్టినా బాగుండేది.

నాన్న గ్రేమ్ బాబాయ్‌కి మళ్ళీ ఫోన్ చేశాడు. "అంతా తుడిచేసి, దాని మీద కొత్తది పెట్టేశాక నేను మాత్రం ఏం చెయ్యను అన్నయ్యా?" అన్నాడట బాబాయ్. అమ్మ నన్ను వంటింట్లోకి లాగింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఆ పుస్తకం ఏమిటో తెలుసా నీకు? మీ తాతయ్య వాళ్ళ నాన్న మొదలుపెట్టాడు, 1936లో. కాగితాల పుస్తకాలు. ఎలుకలు విరుచుకుపడ్డ ఏడాది గోదాంలో సగం కొరికేసి కంపు చేశాయి. మీ నానమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఒక్కో ముక్కా అతికించుకుని, రెండు చలికాలాలు కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఇక భయం లేదని ఆ చెత్తంతా తగలబెట్టారు."

"అంటే ఇంకెక్కడా లేవా?"

"ఎక్కడుంటాయే?"

నేను వెళ్ళి మెట్ల మీద తాతయ్య పక్కన కూర్చున్నాను. చెప్పాల్సింది ఇంకా ఒకటి ఉంది.

"తాతయ్యా, ఒక ఫ్లాపీ మిగిలింది. దాంట్లో నానమ్మ పుస్తకం పట్టేది. నేను నా గుర్రాల బొమ్మలు పెట్టుకున్నాను."

తాతయ్య నా వైపు చూశాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"పక్కన ఇంకో గడి ఉండేది," అన్నాడు మెల్లగా. "వాన పడ్డ రోజు మీ నానమ్మ అందులో ఏదో ఒక ముక్క రాసేది. ఆవు ఈనిందనో, మీ నాన్నకు పన్ను ఊడిందనో. నువ్వు పుట్టిన రోజు కూడా వాన పడింది. ఆ రోజు ఏం రాసిందో గుర్తులేదమ్మా. పొద్దున్నే వెళ్ళి సున్నా కొట్టడం, పైకి జరుపుకుంటూ పోయి ఆవిడ రాసింది ఒక పేజీ చదువుకోవడం. అంతే, నాకు పొద్దుపోయేది."

ఆ మాటతో నేను ఏడ్చేశాను. తాతయ్య నా వీపు నిమిరాడు. తప్పు చేసిన నన్నే ఆయన ఓదార్చాడు.

ఆ మధ్యాహ్నం అన్నం సహించక వంటింట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. ఎదురుగా గోడకు ఫోన్. దాని కింద నానమ్మ కూర్చునే ఎత్తు పీట. అప్పుడు గుర్తొచ్చింది.

వాన పడ్డ రోజు మా ఊళ్ళో ఫోన్లు ఆగేవి కావు. ఎవరు ఎవరికి చేసినా నమస్కారం లేదు, బాగున్నారా లేదు. మొదటి మాట, "మీకెంత పడింది?" అనే. నానమ్మ ఆ పీట మీద కూర్చుని ముందుగా ఒకే ఒక్కరికి చేసేది. ఎనిమిది కిలోమీటర్ల అవతల ఉండే హిల్డా నోస్కీకి. "హిల్డా, పద్నాలుగు మిల్లీమీటర్లు! రాసుకో!" అని అరిచేది.

రాసుకో.

నేను పీటెక్కి ఫోన్ తీశాను. గోడ మీద నానమ్మ రాసిపెట్టిన నంబరు నొక్కాను.

"హలో," అంది అవతల బొంగురు గొంతు. చేసినవాళ్ళ నంబరు ఆవిడ ఫోన్ మీద కనిపిస్తుంది. "డల్సీ వాళ్ళ నంబరులా ఉందే! ఏంటి, మీకు వాన గానీ పడిందా? మాకు చుక్క లేదు!"

"లేదు, నోస్కీ మామ్మా. నేను టీగన్‌ని."

"ఓ, ఎర్రజుట్టు పిల్లా! మీ ఇంటి నుంచి ఫోన్ వచ్చి రెండేళ్ళయిందే. మీ తాత మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా, ఒక్కసారీ చెయ్యడు? చెప్పు, ఏం కావాలి?"

"మామ్మా, మా నానమ్మ వాన పడ్డప్పుడు ఫోన్లో చెప్పేది కదా, అవి నువ్వు రాసుకునేదానివా?"

"రాసుకోక? ప్రతీదీ రాశాను. నా అంకె పక్కనే దాని అంకె. ఎందుకో తెలుసా? ఎప్పుడు చూడు, నాకంటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువే చెప్పేది, గడుసుపిండం! ఏదో ఒక రోజు దొంగలెక్క పట్టుకుందామని రాశాను. నలభై తొమ్మిదేళ్ళు రాశాను. పట్టుకోలేకపోయాను."

నేను ఫోన్ పట్టుకునే గట్టిగా ఏడ్చేశాను.

"ఏడుపెందుకే పిల్లా? ఎవరికేమైంది?"

అంతా చెప్పాను. అబద్ధం సంగతీ చెప్పాను, గుర్రాల సంగతీ చెప్పాను. నోస్కీ మామ్మ మొత్తం విని, ముక్కు చీదుకుంది.

"బాగుంది సంబడం. గంటలో వస్తాను. టీ పెట్టమను మీ అమ్మని," అని ఫోన్ పెట్టేసింది.

గంటకు ఎర్ర దుమ్ము లేపుకుంటూ ఆవిడ పాత ట్రక్కు వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, తనే నడుపుకుంటూ వచ్చింది. పక్క సీట్లో ఒక డబ్బాలో తేనె బిస్కెట్లు, ఒక పెద్ద రేకు పెట్టెలో నల్ల అట్టల పుస్తకాలు.

"క్లారీ! బతికే ఉన్నావా?" అంది తాతయ్యను చూసి.

"నీ బారిన పడేదాకా బతికే ఉన్నాను," అన్నాడు తాతయ్య. ఆ రోజు ఆయన మాట్లాడిన మొదటి సరదా మాట అది.

మామ్మ వంటింటి బల్ల మీద పుస్తకాలు పరిచింది. పెన్సిల్ రాత, చిన్న చిన్న అక్షరాలు. ప్రతి వరసలో రెండు అంకెలు. ఒకటి మామ్మది, ఒకటి 'డ' అని నానమ్మది. ఆవిడ వేళ్ళు తడి చేసుకుంటూ పేజీలు తిప్పి ఒకచోట ఆగింది.

"ఇదిగో. జూన్ నాలుగు, తొంభై రెండు. నాకు పన్నెండు. డల్సీకి పద్నాలుగు. పక్కన చూడు, ఏం రాశానో. నువ్వే చదువు."

నేను చదివాను. 'డల్సీకి మనవరాలు. జుట్టు ఎర్రగా ఉందట. వాన ఆగేదాకా పేరు పెట్టరట.'

తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"అవును," అన్నాడు. "అలాగే అంది. పిచ్చిది, అలాగే అంది."

"అది ఫోన్లో ఏం వాగితే అది రాశాను. వేరే పనేముంది నాకు?" అంది మామ్మ, బిస్కెట్ డబ్బా నా వైపు తోస్తూ.

అన్నీ దొరకలేదు, అది కూడా చెప్పాలి. మామ్మ పెళ్ళయి ఆ ఊరికి వచ్చింది 1951లో. అంతకుముందు పదిహేనేళ్ళు, తాతయ్య వాళ్ళ నాన్న చేతిరాతతో ఉన్నవి, పోయాయంటే పోయాయి. నానమ్మ పోయాక తాతయ్య కొట్టిన రెండేళ్ళవీ అంతే. వాటిని ఎవరూ తెచ్చివ్వలేకపోయారు. ఇప్పటికీ అవి గుర్తొస్తే నాకు కలుక్కుమంటుంది.

వసంతకాలం సెలవులు రెండు వారాలు. నా తోటివాళ్ళంతా సముద్రం దగ్గరికి వెళ్ళారు. నేను, తాతయ్య కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఆయన చదువుతాడు, నేను కొడతాను. ఆ రెండు వారాలే నా చిన్నతనంలో నాకు బాగా గుర్తున్న సెలవులు. తాతయ్య ఒక అంకె చదివేవాడు, వెంటనే ఒక కథ చెప్పేవాడు. ఈ వానకే ట్రక్కు దిగబడింది, ఈ వానకే మీ నాన్న బడి ఎగ్గొట్టి వాగులో ఈత కొట్టాడు, వీపు విమానం మోత మోగింది అనేవాడు. నాన్న అటు వెళ్తూ వింటే, "పిల్లకి ఇలాంటివా చెప్పేది నాన్నా!" అనేవాడు.

మొదటి రోజే నాకో అనుమానం వచ్చింది. నానమ్మ ఫోన్ చేసేది వాన పడ్డ రోజే. మామ్మ పుస్తకంలో మిగతా రోజులు లేవు.

"తాతయ్యా, మధ్యలో ఉన్న రోజులన్నీ ఖాళీగా వదిలేద్దామా? ఎలాగూ సున్నాలేగా. తొందరగా అయిపోతుంది."

తాతయ్య వేలితో తెర మీద ఒక ఖాళీ గడి చూపించాడు.

"ఇది ఇలా ఉంటే ఎవరూ వెళ్ళి చూడలేదని అర్థం. మీ నానమ్మ వెళ్ళింది కదమ్మా. చలిలో లేచింది, బూట్లు వేసుకుంది, వెళ్ళింది, చూసింది. ఏమీ లేదు. వెనక్కొచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది."

నేను సున్నా కొట్టాను. దాని కింద ఇంకోటి కొట్టాను. ఒకేసారి గళ్ళన్నీ నింపే కిటుకు నాకు వచ్చు, బ్రాడీ ఎప్పుడో నేర్పాడు. కానీ వాడలేదు. ఒక్కొక్కటే కొట్టాను. 1982కు వచ్చేసరికి నా వేలు నొప్పి పుట్టింది. ఆ ఏడాది ఎన్ని సున్నాలో!

సెలవుల ఆఖరి రోజుకు అయిపోయింది. నేను గుర్రాల ఫ్లాపీ తెచ్చి కంప్యూటర్‌లో పెట్టాను. పదకొండు గుర్రాలనూ చెరిపేశాను. ఈసారి ఏం చెరుపుతున్నానో తెరిచి, చూసి మరీ చెరిపాను. వానల పుస్తకం ఎక్కించాను. చీటీ మీద 'గుర్రాలు' కొట్టేసి 'వాన' అని రాశాను.

"నీ బొమ్మలు ఏమయ్యాయే?" అన్నాడు తాతయ్య.

"మళ్ళీ గీసుకుంటాలే. ఇది నోస్కీ మామ్మ ఇంట్లో పెడదాం, తాతయ్యా. మన ఇంట్లో ఒకటి, వాళ్ళింట్లో ఒకటి."

తాతయ్య నవ్వి, ముసుగు నా చేతికిచ్చాడు. ఆ రోజు కంప్యూటర్ మీద నేనే కప్పాను.

నా సొంత డబ్బుల్లోంచి ఒక నల్ల అట్టల నోటుబుక్కు కూడా కొన్నాను. దానికో పెన్సిల్ దారంతో కట్టి, వంటింట్లో ఫోన్ పక్కన వేలాడదీశాను. తాతయ్య మోకాళ్ళు బాగా పట్టేస్తున్నాయి, అందుకని గేజి చూసే పని నాకే ఇచ్చాడు.

బడి తెరిచారు. మొదటి వారం బాగానే సాగింది. రెండో వారంలో ఒకరోజు ఆలస్యంగా లేచాను. ఒక సాక్సు దొరకదు. అమ్మ ఒకవైపు అరుస్తోంది. గేజి దగ్గరికి పరిగెత్తి చూశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు. అప్పటికే మా దారి చివర స్కూల్ బస్సు హారన్ మోగింది. బ్యాగు భుజాన వేసుకుని పరుగెత్తాను. బస్సు మెట్టు మీద కాలు పెట్టాను.

రాయలేదు.

"అంకుల్, ఒక్క నిమిషం!" అని వెనక్కి పరిగెత్తాను.

బస్సు నడిపే డార్సీ అంకుల్‌కి కోపమెక్కువ. హారన్ మీద హారన్ కొడుతున్నాడు. వంటింట్లోకి దూరి, నోటుబుక్కు తెరిచి, తేదీ వేసి, దాని ఎదురుగా సున్నా చుట్టాను. గుండ్రంగా, సరిగ్గా. పెన్సిల్ వదిలేసి మళ్ళీ పరుగు. బస్సు ఎక్కేసరికి నాకు ఊపిరి ఆడటం లేదు. పిల్లలందరూ నావైపే చూస్తున్నారు.

"ఏం మర్చిపోయావే, బస్సంతా ఆపి?" అని కసిరాడు డార్సీ అంకుల్.

"సున్నా, అంకుల్."

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. డార్సీ అంకుల్ నవ్వలేదు. ఆయనకు కూడా చెరువు రోడ్డు పక్కన గోధుమ పొలం ఉంది. అద్దంలోంచి నన్ను చూసి, టోపీ సర్దుకుని, గేరు వేశాడు.

"మాకూ సున్నానే," అన్నాడు. "కూర్చో."